మెట్ల కింది కుర్చీ

ఇటు జరుగు తల్లీ, ఆ అట్టపెట్టె మీద నుంచి లేచి నా పక్కన కూర్చో. అంత దూరాన ఉంటే నేను గొంతు పెంచాలి. గొంతు పెంచితే మెట్ల కింద ఉన్న మీ అమ్మకు వినబడుతుంది. వినబడితే అక్కడి నుంచే ఒక మాట రాయిలా విసురుతుంది. ఈ సంగతిని మీ ఇంట్లో ఒక రకంగా, మీ మామయ్య ఇంట్లో ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు. నువ్వప్పుడు పరీక్షలని హాస్టల్లో ఉండిపోయావు. జరిగింది జరిగినట్టు నా నోట విను.

మనం చేసేది కోల్డ్ రూముల తలుపులకు రబ్బరు పట్టీలు. తలుపు మూశాక చలి బయటికి పోకుండా చుట్టూ కరుచుకుని ఉండే పట్టీ. చేపల గోదాములకు, మందుల గోదాములకు, ఆసుపత్రి వంటగదులకు, ఐసు ఫ్యాక్టరీలకు పంపుతాం. మీ నాన్న వేడి పలక మీద మూలలు అతుకుతాడు. నేను ఒకదానికొకటి అంటుకోకుండా పౌడరు చల్లి, చుట్ట చుట్టి, టేపు వేస్తాను. మీ అమ్మ మెట్ల కింద కుర్చీలో కూర్చుని కొనేవాళ్లకు ఫోన్లు చేస్తుంది. పక్కనే నాలుగు చెక్క సొరుగులు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. ఎవరికి ఏ కొలత, ఎవరికి పొద్దున్న ఫోన్ చేస్తే కోపం, ఎవరికి మోకాళ్ల నొప్పి, అన్నీ అందులోనే ఉంటాయి.

ఆ కార్డులు మొదలుపెట్టింది మీ తాతయ్య. ఆయన మంచం పట్టినప్పుడు ఆ కుర్చీ ఎవరికన్న మాట వచ్చింది. నా కడుపున పుట్టిన మీ అత్తకే వస్తుందనుకున్నాను. ఆయన కోడలికిచ్చాడు. “దానికి ఫోనులో నవ్వడం వచ్చు” అన్నాడు. ఇంట్లో నవ్వడం రాదన్న సంగతి ఆయనకు తట్టలేదు. అప్పటి నుంచి పంతొమ్మిదేళ్లుగా మీ అమ్మా నేనూ ఉప్పూ నిప్పూ. ఒకసారి కోపంలో నా మొహం మీదే అంది: “ఈ ఇంట్లో ఆ కుర్చీ తప్ప నాదనేది ఒక్కటీ లేదు.” నేను ఒప్పుకోలేదు. కానీ ఆ మాట నిజం.

గత రెండేళ్లలో ఆ ఫోను పని చెడింది. పాత స్టోర్‌కీపర్లు ఒక్కొక్కరే రిటైరైపోయారు. మీ అమ్మ “బాగున్నారా అన్నయ్యా” అంటే అవతల ఎవరో కొత్త గొంతు “ఎవరు మీరు? ఈ నంబరు ఎక్కడిది?” అని కసురుతుంది. నలభై ఫోన్లు చేస్తే ముప్పైకి ఇదే మర్యాద. మీ నాన్న రెండు యంత్రాల్లో ఒకదానికి దుప్పటి కప్పేశాడు.

మీ అత్త మొగుడు, అదే మీ మామయ్య, తన ఉద్యోగం పోయి మనతో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. జేబుకు రెండు పెన్నులు పెట్టుకుని తిరగడం తప్ప ఇక్కడ ఆయన చేసే పనేమిటో నాకు తెలిసేది కాదు. ఒక రోజు టీలు తాగుతుండగా ఎత్తుకున్నాడు.

“బావా, కొనేవాణ్ణి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కోల్డ్ రూములున్న కంపెనీలు ఎక్కడున్నాయి, అక్కడ కొనాలా వద్దా అని తేల్చేది ఎవరు, వాడి నంబరేంటి, ఈమెయిలేంటి, మొత్తం అదే పట్టుకొస్తుంది. మన దగ్గర ఉత్త పేరుంటే చాలు, మిగతా వివరాలన్నీ అదే నింపేస్తుంది. ఎన్‌రిచ్‌మెంట్ అంటారు దాన్ని. ఉత్తరాలు కూడా అదే పంపుతుంది.”

“మరి నేనేం చెయ్యాలి అన్నయ్యగారూ?” అంది మీ అమ్మ. ఆ ‘గారూ’ని ఎంత సాగదీసిందంటే, తెగుతుందేమో అనుకున్నాను.

“నీకింక ఈ కష్టం ఎందుకు చెల్లెమ్మా? అత్తయ్య బల్ల దగ్గర చోటుంది కదా. అత్తాకోడళ్లిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ప్యాకింగ్ చేసుకోండి.”

నా చేతిలో పౌడరు డబ్బా జారి కింద పడింది. నేనూ, మీ అమ్మా, ఒకే బల్ల, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా! రెండు రోజుల్లో ఒకరం ఆసుపత్రిలో, ఒకరం స్టేషన్లో ఉండేవాళ్లం.

“మీరొచ్చి ఎనిమిది నెలలైంది. తెచ్చిన కొత్త ఆర్డరు ఒక్కటంటే ఒక్కటి చెప్పండి, ఇప్పుడే లేచిపోతా” అంది మీ అమ్మ.

“నీ అట్టముక్కల్లో మనుషులు నీ ఫోనే ఎత్తట్లేదు. ముందు అది చూసుకో.”

“ఎత్తి తిట్టేవాళ్లయినా ఉన్నారు నాకు. మీకు తిట్టేవాళ్లు కూడా లేరు.”

“ఆపండెహె!” అని మీ నాన్న గ్లాసు బల్ల మీద కొట్టాడు. “రెండు కంపెనీల వాళ్లను పిలుద్దాం. ఇద్దరికీ మన కార్డుల్లోంచి ఒకే రెండొందల పేర్లిద్దాం. బావ చెప్పినట్టు అదే అన్నీ నింపేసిందా, కుర్చీ తీసేస్తా. నింపలేదా, కుర్చీ ఉంటుంది. అంతే. ఇంక నా చెవులు తినకండి.”

మొదటి కంపెనీవాడు మనిషిగా రాలేదు, కంప్యూటరు తెర మీదకు వచ్చాడు. గొంతు తేనె. మీ మామయ్య తెర ముందు విద్యార్థిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“మా దగ్గర ముప్పై కోట్ల మంది వివరాలున్నాయి సర్” అన్నాడు తేనె గొంతు.

“ముప్పై కోట్లలో కోల్డ్ రూము ఉన్నవాళ్లు ఎంతమందండీ?” అని వెనక నుంచి మీ అమ్మ.

“మేడమ్‌గారు చాలా సరదా మనిషి సర్.”

“సరదాకి కాదు, అడుగుతున్నా. ఈ వివరాలు ఎప్పటివి?”

“ఎప్పటికప్పుడు కొత్తవే మేడమ్.”

“ఎప్పటికప్పుడంటే? నిన్నటివా, పోయినేడాదివా?”

“నిరంతరం మేడమ్.”

“నిరంతరం అనే తారీకు నా క్యాలెండర్లో లేదు.”

మీ మామయ్య పళ్ల మధ్య నుంచి “పరువు తియ్యకమ్మా” అన్నాడు. తేనె గొంతు మాత్రం ఇంకో గంట కారుతూనే ఉంది.

రెండో కంపెనీ నుంచి ఒక పిల్ల వచ్చింది. ముసురు పట్టిన రోజు. గొడుగు విరిగిపోయి తడిసి వచ్చింది, జలుబు. కూర్చున్న కాసేపట్లో తొమ్మిదిసార్లు తుమ్మింది, నేను లెక్కపెట్టాను. వేడినీళ్లిస్తే రెండు చేతులతో పట్టుకుని తాగింది. ల్యాప్‌టాప్ మూత విరిగితే టేపు అతికించుకుంది. మీ మామయ్య ఆ టేపు వంక చూసిన చూపుకే ఆ పిల్ల సగం ఓడిపోయింది.

“మాది చిన్న కంపెనీ సార్. నింపిన ప్రతి వివరం పక్కనా దాన్ని ఎప్పుడు సరిచూశామో తారీకు ఉంటుంది. తెలియని చోట ఖాళీ వదిలేస్తాం.”

“అంటే డబ్బిచ్చి ఖాళీలు కొనుక్కోవాలా?” అని నవ్వాడు మీ మామయ్య.

“అబద్ధాలు కొనుక్కోవడం కన్నా చవకే కదా సార్” అని ఇంకో తుమ్ము తుమ్మింది.

మీ అమ్మ ఆ రోజు మొదటిసారి ఆ పిల్ల వంక సరిగ్గా చూసింది. అంతలో వేడి పలక దగ్గర మాడు వాసన వచ్చి మీ నాన్న అటు పరిగెత్తాడు. మీ మామయ్యకు ఫోనొస్తే బయటికి వెళ్లాడు. ఆ పిల్ల సామాను సర్దుకుంటూ మా ఇద్దరితో చెప్పింది:

“ఆంటీ, మమ్మల్ని కూడా ఊరికే నమ్మకండి. జవాబు మీకు ముందే తెలిసినవి కొన్ని ఆ లిస్టులో కలపండి. ఉద్యోగం మానేసినవాళ్లు, చనిపోయినవాళ్లు. ఎవరు కల్పించి చెబుతున్నారో వెంటనే తేలిపోతుంది.”

విన్నది మేమిద్దరమే.

సోమవారం పొద్దున్న మీ అమ్మ వచ్చేసరికి సొరుగులు లేవు. కుర్చీ పక్కన బల్ల మీద నాలుగు చదరాల దుమ్ము గీతలున్నాయి. సొరుగులు మీ మామయ్య బల్ల మీద ఉన్నాయి. తీసే ముందు ఆయన ఒక్క మాట అడగలేదు. పంతొమ్మిదేళ్లు తను తప్ప ఇంకొకరు తెరవని సొరుగులు. మీ అమ్మ ఆ దుమ్ము గీతల మీద వేలితో రాసి, వేలు చూసుకుని, కుర్చీలో కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నాకు భయమేసింది.

ఇప్పుడొక సంగతి చెప్పాలి, జాగ్రత్తగా విను. మీ తాతయ్య ఏ కార్డు మీదా ‘చనిపోయారు’ అని రాయలేదు. “మనకు అన్నం పెట్టిన చెయ్యి అది. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు” అనేవాడు. కొనే మనిషి పోయాడని తెలిస్తే, ఆ కార్డు పై ఎడమ మూల లోపలికి మడిచేవాడు. అంతే. మీ అమ్మ కూడా అదే నేర్చుకుంది. సొరుగులో వేళ్లు పోనిస్తే ఆ మూల తగలగానే ఆగి, దాటి వెళ్లిపోయేది. మీ నాన్నకు యంత్రం తప్ప కాగితం పట్టదు, ఎప్పుడూ ఆ సొరుగు తెరిచిన మనిషి కాదు. ఈ మడత సంగతి తెలిసింది మా ఇద్దరికే.

మీ మామయ్య రెండొందల కార్డులు ఏరి, రెండు వేళ్లతో టకటకమని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. మూల మడిచినవి చేతికి వస్తే, పాపం ఎంత శుభ్రమైన మనిషో, స్కేలుతో గీసి గీసి సాపు చేస్తున్నాడు. చూడలేక లేచి వెళ్లాను.

“అల్లుడుగారూ, ఆ మూలలు…”

“అత్తయ్యా, మీరెళ్లి పౌడరు చల్లుకోండి. ఇది చదువుకున్నవాళ్లు చేసే పని.”

నేను మీ అత్తను కన్నదాన్ని, ఆ కుర్చీ ఆ ఇంటికి పోవాలని పంతొమ్మిదేళ్లు కోరుకున్నదాన్ని. ఆ ఒక్క మాటతో నా నోరు కుట్టేసుకున్నాను. వెనక్కి తిరిగితే మీ అమ్మ నా వంకే చూస్తోంది. నేను ఆమె వంక చూశాను. ఆమె చెప్పదని నాకు తెలిసింది, నేను చెప్పనని ఆమెకు తెలిసింది. మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. ఎందుకు నిలబడ్డామో చూడు!

గురువారం ఫలితాలొచ్చాయి. తేనె గొంతువాళ్లు రెండొందలకు రెండొందలూ నింపారు. పేరు, హోదా, ఫోను, ఈమెయిలు, ఎవరికైనా ఈ మధ్య ఉద్యోగంలో పైకెక్కడం లాంటిది జరిగిందా, అది కూడా. జలుబు పిల్ల నూట ఇరవై నాలుగు నింపి, డెబ్బై ఆరు ఖాళీ వదిలేసింది.

“చూడు బావా! ఒకళ్లు నూటికి నూరు. ఇంకొకళ్లు పరీక్ష మధ్యలో నిద్రపోయారు.”

మీ నాన్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. యంత్రమైతే చెవి పెట్టి విని జబ్బు చెప్పేవాడే గానీ, కాగితానికి చెవి పెడితే ఏం వినబడుతుంది? “సరే. అన్న మాట ప్రకారం సోమవారం కుర్చీ తీసేద్దాం” అన్నాడు. భార్య వంక చూడకుండా అన్నాడు.

ఇప్పుడైనా మీ అమ్మ నోరు విప్పుతుందనుకున్నాను. ఆ రెండొందల్లో పంతొమ్మిది మంది పోయినవాళ్లు. తేనె గొంతువాళ్లు పంతొమ్మిది మందికీ ఉద్యోగాలిచ్చారు. జలుబు పిల్ల పదిహేడు ఖాళీ పెట్టింది. ఆ ఒక్క ముక్క చెబితే ఆట అక్కడే తిరిగేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాతెప్పుడో నాతో అంది: “అప్పుడే చెబితే అన్నయ్యగారు ఆ పంతొమ్మిదీ తీసేసి మళ్లీ నెగ్గేవారు. అందరి ముందూ పడేదాకా ఆగుదామనుకున్నా.”

శుక్రవారం మధ్యాహ్నం మీ అమ్మ కుర్చీ ఖాళీ చేస్తోంది. దిండు, గొంతు బిళ్లల డబ్బా, పాత కళ్లజోడు ఒక సంచిలో వేసుకుంటోంది. మీ మామయ్య మీ నాన్నతో గట్టిగా చెప్పాడు, మాకు వినబడాలనే:

“రేపు పదింటికి రెండొందల మందికీ ఉత్తరాలు పోతాయి బావా. ఒక్క మీట నొక్కితే చాలు. ఒక్కొక్కరికీ వాళ్ల కొత్త హోదా పట్టి రాయించా.”

మీ అమ్మ చెయ్యి సంచిలో ఆగిపోయింది. నా చేతిలో టేపు ఆగిపోయింది. అప్పటిదాకా అది కాగితం మీద పరీక్ష. ఇప్పుడు ఆ ఉత్తరాలు ఇళ్లకు పోతాయి. ఆ పంతొమ్మిది మందీ నాకు వరసగా కళ్ల ముందు కదిలారు. నత్తిగా మాట్లాడే మందుల గోదాము ఆయన. పోట్లాడుకుంటూనే ఒకే నెలలో పోయిన ఐసు ఫ్యాక్టరీ అన్నదమ్ములు. ఫోన్ చేసినప్పుడల్లా “ముసలమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?” అని నా గురించి అడిగే చేపల గోదాము పెద్దాయన. అందరూ గుర్తొచ్చారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని నేను. ఆ మధ్యాహ్నం నా నోట్లో బండరాయి నానింది. మీ అమ్మ సంచి ముడి వేసింది. నేను టేపు తెంచాను.

శనివారం పదింటికి మీట నొక్కాడు. పదిన్నరకల్లా చిరునామా లేదని తిరిగొచ్చినవి కొన్ని, మాకు ఇంకెప్పుడూ రాయొద్దని కొన్ని వచ్చాయి. మీ మామయ్య “మొదట్లో ఇలాగే ఉంటుంది” అంటున్నాడు. పన్నెండు కాకముందే షెడ్డు తలుపు గోడకు కొట్టుకునేలా తీసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. కాళ్లకు రబ్బరు బూట్లు, తడి ఏప్రాను, చేతిలో ఫోను. చేపల గోదాము పెద్దాయన కూతురు. ఇప్పుడు గోదామంతా తనే చూసుకుంటోంది. మన దగ్గర ఆరు తలుపులకు ఆర్డరిచ్చి ఉంది.

“ఎవడు రాశాడిది?”

మీ మామయ్య నవ్వుతూ లేచాడు, కొత్త కొనుగోలుదారు అనుకున్నాడు కాబోలు. ఆవిడ ఫోను చూసి చదివింది.

“‘గౌరవనీయులైన సర్, ఇటీవల మీరు కొత్త బాధ్యతలు చేపట్టినందుకు హృదయపూర్వక అభినందనలు. కొత్త చోట కూడా అంతా చల్లగా సాగాలని కోరుకుంటున్నాం.’ మా నాన్న పోయి పదకొండు నెలలు. ఆయన మెయిలు నేనే చూస్తా. ఏ కొత్త చోటయ్యా? చెప్పు, ఏ కొత్త చోటు?”

“అమ్మా, అది… సాఫ్ట్‌వేర్ పొరపాటు. వేరే ఊళ్లో అదే పేరున్న మనిషి ఎవరో…”

“సాఫ్ట్‌వేర్‌కి సిగ్గుండదు. నీకేమైంది?”

“మా చెల్లెమ్మ ఆయన పోయినట్టు కార్డులో రాయలేదండీ. రాసుంటే ఇలా జరిగేది కాదు” అని వేలు మెట్ల కిందకు చూపించాడు.

మీ అమ్మ లేచింది. మామయ్య బల్ల దగ్గరికి వెళ్లి, కట్టలోంచి ఒక కార్డు తీసింది. చూడకుండానే తీసింది. సాపు చేసిన మూల మీద గీత ఇంకా ఉంది. “ఇదిగో, రాసే ఉంది” అంది.

“మడత! మడత పెడితే పోయినట్టా? అది ఎవడికి తెలుస్తుంది?”

“అడిగినవాడికి తెలుస్తుంది.”

గెలిచింది. ఆ ఒక్క క్షణం మీ అమ్మ మొహంలో అది కనబడింది. నేనూ లోపల సంతోషించాను, అబద్ధమెందుకు. కానీ మీ నాన్న అప్పటికి యంత్రం ఆపి వచ్చి నిలబడ్డాడు.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“సోమవారం నుంచి.”

“నిన్న బావ ఉత్తరాలు పంపుతానన్నప్పుడు?”

మీ అమ్మ తల వంచుకుంది. “విన్నా.”

అప్పుడు చేపల గోదాము ఆవిడ మీ అమ్మ వైపు తిరిగింది. అరుపు ఆగిపోయింది, అదే ఇంకా దారుణం.

“అక్కా, నాన్న పోయిన రోజు నాతో పాటు ఫోనులో ఏడ్చావు. నాకు ఎవరూ లేరనిపిస్తే నీకే ఫోన్ చేశా. ఈ ఉత్తరం నాకొస్తుందని తెలిసి ఊరుకున్నావా?”

మీ అమ్మ చేతిలో కార్డును బల్ల మీద పెట్టేసింది. ఫోనులో ఎవరికైనా జవాబు చెప్పగల మనిషి, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పలేకపోయింది.

“తనొక్కతే కాదమ్మా” అన్నాను. “నాకూ తెలుసు. నేనూ ఊరుకున్నాను.”

ఆవిడ మా నలుగురి వంకా చూసింది. “మీ ఇంట్లో కొట్టుకోవడానికి మీకు మా నాన్నే దొరికాడా?” అంది. “ఆరు తలుపులూ ఇంకెక్కడైనా చేయించుకుంటా. నాకు ఫోన్ చెయ్యొద్దు. ఎవరూ చెయ్యొద్దు.” వెళ్తూ తలుపు వేయలేదు.

మీ నాన్నకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది, నీకు తెలుసుగా. “సోమవారం ఆ కుర్చీ తీసేస్తున్నా” అన్నాడు. “బావ నెగ్గాడని కాదు. అడక్కుండా పంపినవాడూ, తెలిసి మూసుకు కూర్చున్నదీ నాకు ఒకటే. మీలో ఎవరి చేతికీ ఫోనివ్వను.”

“తీసెయ్యి” అంది మీ అమ్మ. “మిగిలిన పద్దెనిమిది ఇళ్లకూ ఫోన్ చేశాక తీసెయ్యి.”

మెట్ల కిందకు వెళ్లి కూర్చుంది. సంచి విప్పి కళ్లజోడు తీసుకుంది. మిగిలిన పద్దెనిమిది మంది కార్డులూ ముందు పేర్చుకుంది.

“అన్నయ్యగారూ, జలుబు పిల్ల పంపిన లిస్టు తెరవండి. వీళ్ల చోట్లలో ఇప్పుడెవరున్నారో ఉంటే చదవండి.”

“నేనా?”

“కాదు, మా తాతగారు! చదవండి.”

మీ మామయ్య చదివాడు. ఆ పిల్ల పోయినవాళ్ల పేరు పక్కన ఖాళీ వదిలినా, కింద ఆ కంపెనీలో ఇప్పుడు పట్టీలు కొనేది ఎవరో, ఆ సంగతి సరిచూసిన తారీకేమిటో పదకొండు చోట్ల పెట్టింది. పదకొండూ సరైనవే. తక్కిన ఏడింటికీ మీ అమ్మ ఒకరిని అడిగి ఇంకొకరిని, వాళ్లనడిగి మరొకరిని పట్టుకుంది. ఫోను స్పీకర్లో పెట్టింది. ఎందుకు పెట్టిందో మొదట నాకర్థం కాలేదు. మేమందరం వినాలనే పెట్టింది.

ఎన్ని తిట్లు తిన్నామో! ఐసు ఫ్యాక్టరీ అన్నదమ్ములలో పెద్దాయన భార్య ఏమీ అనలేదు, ఊపిరి మాత్రం వినబడింది, ఫోను పెట్టేసింది. నత్తి ఆయన కొడుకు “మా నాన్న బతికున్నప్పుడు ఇంత మర్యాదగా ఒక్కడూ ఉత్తరం రాయలేదు” అని ఏడ్చినట్టు నవ్వాడు. ఒకడు మా వంశాన్నంతా లేపి కూర్చోబెట్టాడు. మీ అమ్మ అందరికీ ఒక్కటే చెప్పింది: “తప్పు మాదండి. మాకు తెలిసే జరిగింది. క్షమించమని అడగడానికే చేశాను, అమ్మడానికి కాదు.” సాఫ్ట్‌వేర్ అనలేదు, అన్నయ్యగారు అనలేదు, మడత అనలేదు. ఒకావిడ పావుగంట కడిగేసి, చివర్లో “మా తలుపు కారుతోంది, ఎవరినైనా పంపండి” అంది. అది కూడా తిట్టినట్టే అంది.

పద్దెనిమిదో ఫోను అయ్యేసరికి కిటికీలో ఎండ పోయింది. మీ అమ్మ గొంతు పూర్తిగా పోయింది. నేను వేడినీళ్లు తీసుకెళ్లి పెట్టాను. తీసుకుంది గానీ నా వంక చూడలేదు.

“మీరెందుకు చెప్పలేదు?” అని గొణిగింది.

“నువ్వెందుకు చెప్పలేదో అందుకే.”

“అయితే ఇద్దరం ఒకటేనన్నమాట” అంది, ఏదో చేదు తిన్నట్టు మొహం పెట్టి.

సోమవారం మీ నాన్న కుర్చీ తీయడానికి వచ్చాడు. మీ అమ్మ అప్పటికే అందులో కూర్చుని ఉంది. కారుతున్న తలుపు ఆవిడతో కొలతలు మాట్లాడుతోంది, బొంగురు గొంతుతోనే. మీ నాన్న కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమె కొలతలు రాసుకుని, తల తిప్పకుండా, కాగితం వెనక్కి అందించింది. ఆయన కాగితం చూశాడు. చూస్తూ యంత్రం దగ్గరికి వెళ్లి మీట వేశాడు. కుర్చీ ఉండొచ్చని ఈ రోజుకీ నోటితో అనలేదు. తీయనూ లేదు.

జలుబు పిల్ల కంపెనీదే తీసుకున్నాం, ముందు ఏడాదికి. మీ మామయ్య పొద్దున్నే లిస్టు తెచ్చి మీ అమ్మ బల్ల మీద పడేస్తాడు, పలకరింపు లేదు. సాయంత్రం మీ అమ్మ ఖాళీలు ఫోన్లు చేసి పూర్తిచేసి ఆయన బల్ల మీద పడేస్తుంది, పలకరింపు లేదు. ఆమె చూడనిదే ఒక్క ఉత్తరం బయటికి పోదు. రెండో యంత్రం మీద దుప్పటి ఇంకా తీయలేదు. చేపల గోదాము ఆవిడ తిరిగి రాలేదు. ఫోన్ చెయ్యొద్దంది కాబట్టి మీ అమ్మ చెయ్యలేదు. ఆ పేరు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆగడం నాకు ఇక్కడి నుంచి కనబడుతుంది.

ఇదీ సంగతి. ఇంక వెళ్లు, నీ స్నేహితురాళ్లు ఎదురుచూస్తుంటారు. రేపెప్పుడైనా నువ్వు ఒక కంపెనీలో చేరి, ఇలాంటిదేదో ఎంచుకోవాల్సి వచ్చి పదిమందిలో ఈ కథ చెబుతావు, నాకు తెలుసు. చెప్పు, కడుపారా నవ్వించు. మీ మామయ్య రాసిన ఉత్తరం చెబితే నవ్వనివాడుండడు. కానీ అక్కడితో ఆపకు. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లున్నారని, ఇద్దరికీ తెలుసని, ఇద్దరికీ నోళ్లున్నాయని, ఒక్కరూ విప్పలేదని చెప్పు. మీ అమ్మ మీద ప్రేమతోనో, నా మీద జాలితోనో ఆ ముక్క మింగేశావంటే, నువ్వు చెప్పింది వేరే కథ అవుతుంది తల్లీ. నన్ను కలిపే చెప్పు.